రొయ్య కథకు వంత

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మాస్టర్లు కొందరు మా ఇంటికి వస్తుంటారు. "పిల్లలకు సైన్సు అర్థమయ్యేలా చెప్పడం ఎలాగండీ?" అని అడుగుతారు. పాటలు కట్టించండి, కథలు చెప్పించండి అంటాను. మేం రొయ్య మీద బుర్రకథ కట్టిన సంగతి చెబితే నవ్వుకుంటారు, సెల్‌ఫోన్లో రాసుకుంటారు, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి సంతోషంగా వెళ్ళిపోతారు. వాళ్ళు గేటు దాటాక, మళ్ళీ సగమే చెప్పాను కదా అనిపిస్తుంది. ఆ మిగతా సగం ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

నేను జీవశాస్త్రం మాస్టర్ని. ఉద్యోగం చివరి ఏళ్ళలో నన్ను సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక హైస్కూలుకు వేశారు. కాపురం పాలకొల్లులో. పొద్దున్నే బస్సులో నర్సాపురం వెళ్ళి, రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, అవతల ఒడ్డున ఆటో పట్టుకుంటే బడి. మా పిల్లల్లో సగం మంది తండ్రులు వేటకు వెళ్ళేవాళ్ళు. తల్లులు రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ళు. సముద్రం ఘోష క్లాసులోకే వినిపించేది. ఆ ఘోషలో నిలబడి నేను సముద్రం గురించి పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. ప్లవకాలు, లవణీయత, ఆవరణ వ్యవస్థ. పిల్లలు నా వెనకే అప్పజెప్పేవారు. ఒకరోజు ముందు వరస కుర్రాణ్ణి లేపి, "లవణీయత అంటే ఏంట్రా?" అన్నాను.

"పరీక్షలో వచ్చేదండి" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కాని, లోపల చురుక్కుమంది.

పక్క గదిలో తెలుగు పండితుడు ఆ నవ్వు విన్నాడు. మేమిద్దరం మధ్యాహ్నం కలిసి క్యారియర్లు విప్పేవాళ్ళం. ఆయన తండ్రి ఒకప్పుడు బుర్రకథ దళంలో తిరిగిన మనిషి. తంబురా, రెండు గుమ్మెటలు ఇంకా వాళ్ళింట్లో అటక మీద ఉన్నాయని చెప్పేవాడు.

"మీ పాఠం గోడ అవతల నుంచి వింటే ఎలా ఉంటుందో తెలుసా మాస్టారూ? వర్షంలో రేడియో విన్నట్టుంటుందండి. ఏదో చెబుతున్నారని తెలుస్తుంది. ఏం చెబుతున్నారో తెలీదు."

"మరేం చెయ్యమంటారండీ?"

"తాళం పెట్టండి."

"సైన్సుకు తాళమేంటండీ బాబూ!"

"సముద్రానికి లేదేంటండి? పోటొస్తుంది, పాటు పోతుంది. పుట్టినకాడ్నించీ అదే పని."

అలా మొదలైంది. నేను విషయం చెప్పేవాణ్ణి, ఆయన పాట కట్టేవాడు, నేను దిద్దేవాణ్ణి. కథానాయకుడు రొయ్య అని నేనన్నాను. ఎందుకంటే రొయ్య నడి సముద్రంలో పుడుతుంది. నలుసంత ఉన్నప్పుడే పోటుతో కలిసి, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వస్తుంది. మడ చెట్ల వేళ్ళ మధ్య పెరుగుతుంది. పెద్దయ్యాక మళ్ళీ సముద్రానికి పోతుంది. ఈ ఒక్క ప్రయాణం చెబితే ఉప్పునీరు, మంచినీరు, పోటుపాట్లు, మడ అడవి అన్నీ చెప్పినట్టే.

"వీరుడంటే మీసాలుండాలండీ" అన్నాడు పండితుడు.

"రొయ్యకు లేవా బారెడు మీసాలు!" అన్నాను.

ఆ పూట ఇద్దరం అన్నం మానేసి నవ్వుకున్నాం. పోట్లాటలూ అయ్యాయి. ఆయన మొదటి పాటలో రొయ్య పిల్ల తల్లిని విడిచి వస్తూ ఏడుస్తుంది. "రొయ్యకు తల్లెవరో తెలీదండీ. గుడ్లు నీళ్ళలో వదిలేసి వెళ్ళిపోతుంది. ఏడుపు కొట్టెయ్యండి" అన్నాను. ఆయన కాసేపు అలిగి, "తల్లి తెలీని బిడ్డ! ఇంకా మంచిది, వీరులందరి కథా అలాగే మొదలవుతుంది" అని కొత్త పాట కట్టాడు.

నడి సంద్రానా పుట్టిందయ్యా నలుసంత రొయ్యపిల్ల
దారీ తెలియదు, తోడూ లేదు, తరగే తనకు పల్లకి
పోటునెక్కి బయలుదేరె మొగలో దీపం చూసుకుంటూ

"మొగలో దీపమేంటండీ, దానికి లైట్‌హౌస్ కనపడుతుందా?" అన్నాను. "పోనీ ఒక్క దీపం ఉంచండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది" అన్నాడు. ఉంచాను.

బుర్రకథ చూడని వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. నడుమ కథ చెప్పేవాడు తంబురాతో నిలబడతాడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. కథకుడు ఒక చరణం పాడితే వంతలు తందాన తాన అని అందుకోవాలి. కుడివైపు వంత లోకం సంగతులు మాట్లాడతాడు. ఎడమవైపు వాడు హాస్యగాడు. కథ మధ్యలో ఆపి వెర్రి ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నకు కథకుడు చెప్పే జవాబులోనే మా పాఠమంతా పెట్టాం. వంత అందుకోకపోతే కథకుడు ముందుకు వెళ్ళలేడు. ఇది నాకు పండితుడు మొదటిరోజే చెప్పాడు. సైన్సు మాస్టర్ని కదా, చెప్పింది చెప్పినట్టు విన్నాను, దాని బరువు తెలుసుకోలేదు.

కథకుడిగా ఒక కుర్రాణ్ణి పెట్టాం. నెల తిరక్కుండానే వాడి గొంతు మారింది. ఒక చరణం నాన్నలా, ఒక చరణం మేకలా పాడుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు తొమ్మిదో తరగతి వెనక బెంచీ నుంచి ఆ చరణం వినిపించింది. తేటగా, ఎక్కడా తొణక్కుండా. అందరం వెనక్కి తిరిగాం. పాడింది నత్తి ఉన్న పిల్ల.

నేను ఆ పిల్లను రెండేళ్ళుగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వరసగా అడుగుతూ వచ్చి, ఆమె దగ్గరకొచ్చేసరికి దాటేసి పక్క పిల్లను లేపేవాణ్ణి. అది జాలి అని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆమె మాట కోసం ఆగే ఓపిక నాకు లేకపోయింది. పీరియడు అయిపోతుంది, సిలబస్ మిగిలిపోతుంది. నా తొందరకు జాలి అని పేరు పెట్టుకున్నాను. ఆ పిల్లకు అది తెలిసే ఉంటుంది. పిల్లలకు తెలియనిదేముంది.

పండితుడు తంబురా తీసుకెళ్ళి ఆమె భుజానికి తగిలించాడు. తాళం వేసే ఇత్తడి అందెలు వేళ్ళకు తొడిగాడు. మాటలో అడుగడుక్కీ తట్టుకునే పిల్ల పాటలో పరుగెత్తింది. పాటల మధ్య వచనం వస్తుంది కదా, మామూలు మాటలా చెప్పాల్సిన భాగం, అక్కడే భయం. దానికీ ఆయనే దారి చూపాడు. వచనం చెబుతున్నంతసేపూ వంతలు గుమ్మెట మీద మెల్లగా దెబ్బ వేస్తూ ఉండాలి. ఆ దెబ్బ మీద కాలు పెట్టి నడిచినట్టు ఆమె మాట నడిచేది.

ఆ రోజుల్లోనే వాళ్ళమ్మ బడికి వచ్చింది. షెడ్డులో రొయ్యల తలలు తీసే పని ఆమెది. చీర కొంగుతో చేతులు కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"ఈ ఏడుతో ఆపేత్తానండి మాస్టారూ. మాట రాని పిల్లకి పదో తరగతేంటండి? షెడ్డులో అయితే నోటితో పనుండదు. చేతులుంటే చాలు."

"మాట రాకపోవడమేంటమ్మా? నువ్వు దాని కథ విను ఒకసారి."

"ఇంట్లో పాడుతుందండి, నాకు తెలీదేంటి. ఇంట్లో పాడితే ఏమవుద్ది? పదిమందిలో నోరిప్పి చెప్పమనండి. సివరంటా చెప్తే పదో తరగతికి పంపుతాను. ఆయ్, మాటంటే మాటే."

నర్సాపురంలో జరిగే సైన్స్ ఫెయిర్ దగ్గర్లో ఉంది. అక్కడ చెబుతుందమ్మా, నువ్వే వచ్చి చూద్దువుగాని అన్నాను. పెద్ద ధీమాగా అన్నాను.

ఫెయిర్ నాటికి పండితుడు లేడు. మేనకోడలి పెళ్ళని ద్రాక్షారామం వెళ్ళాడు. అదే పొద్దున హాస్యం వంత కుర్రాడికి అమ్మవారు పోసిందని కబురొచ్చింది. ఆ వంత ప్రశ్నలన్నీ నాకు నోటికి వచ్చు. నెలల తరబడి పిల్లల చేత చెప్పించింది నేనే. వేరే దారి లేదు. నిర్వాహకుల్ని బతిమాలి ఒప్పించాను. పిల్లలు నా చుట్టూ చేరారు. "మాస్టారూ, కాలు పైకెత్తండి", "మాస్టారూ, ఇన్‌షర్ట్ తీసెయ్యండి, హాస్యగాడు ఇన్‌షర్ట్ వేసుకోడండి." గజ్జెలు కట్టారు. తలకు రంగు గుడ్డ చుట్టారు. తలెత్తి చూశాను. ఎదురు స్టాల్లో నాతో బీఎడ్ చదివినవాడు నిలబడి ఉన్నాడు.

"ఏరా, రిటైర్మెంట్‌కి ముందే నాటకాల కంపెనీ పెట్టేశావా?" అన్నాడు. చుట్టూ ఉన్న మాస్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహాన ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను.

కథ మొదలైంది. మొదటి చరణానికే జనం మూగారు. అగ్నిపర్వతం మోడల్ దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా దాన్ని వదిలేసి వచ్చారు. పిల్ల గొంతు ఆ వరండా అంతా నిండింది. వాళ్ళమ్మ వెనక స్తంభం పక్కన నిలబడి ఉంది. రొయ్య పిల్ల పోటెక్కింది, మొగ దాటింది. ఇప్పుడు నేను కథ ఆపి అడగాలి. "గురూ, సంద్రమంత ఇల్లొదిలేసి ఈ బురద మడలోకి ఎందుకొచ్చింది ఈ రొయ్య, మతి చెడిందా?" అదీ ప్రశ్న.

సరిగ్గా అప్పుడే జడ్జీలతో ఒక ఆఫీసరు గారు వచ్చారు. చాలా స్టాళ్ళు తిరిగి అలసిపోయి ఉన్నారు. నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"మాస్టారూ, మీరూ వేషం కట్టారేంటండి? ఇది సైన్స్ ఫెయిరా, జాతరా? మోడల్ ఏది, చార్టు ఏది?"

ఎవరో కిసుక్కుమన్నారు. నా చెయ్యి గుమ్మెట మీంచి జారింది. అవతలి వంత కుర్రాడు నన్ను చూసి వాడూ ఆపేశాడు.

"పాట సరేలెండి. అమ్మాయ్, రొయ్య మడ అడవిలోకి ఎందుకొస్తుందో మామూలుగా రెండు ముక్కల్లో చెప్పు" అన్నారాయన.

ఆయన అడిగింది మా ప్రశ్నే. నేను గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసి, అదే ప్రశ్న నా వాటంలో మళ్ళీ అడిగి ఉంటే చాలు. పిల్ల నా వైపు చూసింది. వంత కోసం ఆగింది. నేనేం చేశానో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "చెప్పమ్మా, సార్ అడుగుతున్నారు కదా" అన్నాను.

"మ..." అంది. "మ... మ..."

అక్కడే ఉండిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. వెనకెవరో ఆ శబ్దాన్ని అనుకరించారు. పిల్లలు నవ్వారు. ఆఫీసరు గారికి అప్పుడు అర్థమై కంగారుపడ్డారు. నన్ను పక్కకు పిలిచి, "అయ్యో, ముందే చెప్పుంటే అడిగేవాణ్ణి కాదు కదండీ" అన్నారు. మంచి మనిషే. ఆయన్ని తప్పు పట్టుకుని బతకొచ్చునన్న ఆశ కూడా నాకు మిగల్లేదు. నేను వెనక్కి వచ్చేసరికి తంబురా బల్ల మీద ఉంది. తల్లీ కూతురూ లేరు.

సాయంత్రం పిల్లల్ని ఊరు చేర్చడానికి నేనూ పంటు ఎక్కాను. తల్లీ కూతురూ అదే పంటులో ముందు వైపు నిలబడి ఉన్నారు. నేను కొబ్బరికాయల లారీ చాటున నిలబడ్డాను. చేతి సంచిలో గజ్జెలున్నాయి. పంటు ఊగినప్పుడల్లా అవి గల్లుమంటున్నాయి. సంచిని గుండెలకు అదుముకున్నా ఆగలేదు. ఒకసారి పిల్ల వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ గోదావరి వైపు తిరిగిపోయింది.

తర్వాత ఆమె బడికి రాలేదు. నేను ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. జ్వరమనుకుంటా, ఏదో పెళ్ళనుకుంటా అని హాజరు వేస్తూ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. పండితుడు పెళ్ళి నుంచి వచ్చి, పిల్లల ద్వారా అంతా విన్నాడు. ఒక మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండా చేతిలో పట్టుకుని, "నడవండి మాస్టారూ, షెడ్డుకి" అన్నాడు.

షెడ్డులో నేలంతా తడి. రేకుల కప్పు కింద బల్లలకు అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తున్నారు. పిల్ల తల్లి పక్కనే ఉంది. మమ్మల్ని చూసి తల ఇంకా వంచుకుంది. నేను దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టాను. చదువు గొప్పది, పిల్ల తెలివైనది, ఒక్కసారి తడబడినంత మాత్రాన అనబోయాను. తల్లి చేతులు ఆపలేదు.

"నా పిల్లది నత్తండి మాస్టారూ. మీదేంటండి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నా వైపు తిరిగారు.

"సిగ్గమ్మా" అన్నాను. "నలుగురిలో గజ్జెలు కట్టుకున్నానని సిగ్గేసింది."

ఆమె మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఏదో అనబోయింది. ఈలోగా బల్ల చివర నుంచి ఒక ముసలావిడ అందుకుంది. "ఆ రొయ్య కతేదో మాకూ చెప్పించండి మాస్టారూ. పొద్దస్తమానం వీటి తలలు తీస్తాం, పాపం ఇవెక్కడ పుట్టాయో తెలీదు."

"నాకు సిగ్గు లేదిప్పుడు" అన్నాను. "పిల్ల ఒప్పుకుంటే."

పిల్ల ఒప్పుకోలేదు. ఆరోజు కాదు. పండితుడు తర్వాత ఎన్నిసార్లు వెళ్ళాడో, ఏం చెప్పాడో నాకు చెప్పలేదు. ఒక ఆదివారం రమ్మని కబురు పెట్టాడు. షెడ్డులో మధ్యాహ్నం అన్నాల వేళ. మేస్త్రి వచ్చి, "తొందరగా కానియ్యండి, లోడు పోవాలి" అని గొణిగి, తనూ ఒక ట్రే బోర్లించుకుని కూర్చున్నాడు. నడుమ పిల్ల. కుడివైపు పండితుడు. ఎడమవైపు నేను. ఈసారి గజ్జెలు నేనే కట్టుకున్నాను. కట్టడం రాక వదులుగా కట్టాను.

"మాస్టారి గజ్జెలు జారిపోతన్నాయే!" అని ముసలావిడ అరిచింది. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నాకు తగల్లేదు. పైగా కావాలని ఇంకో రెండు గెంతులు గెంతాను.

రొయ్య పిల్ల పుట్టింది. పోటెక్కింది. మొగ దాటింది. పిల్ల ఆగి నా వైపు చూసింది. ఫెయిర్‌లో చూసినట్టే చూసింది.

గుమ్మెట మీద దెబ్బ వేశాను. "గురూ! సంద్రమంత ఇల్లొదిలేసి ఈ బురద మడలోకి ఎందుకొచ్చింది ఈ రొయ్య, మతి చెడిందా?"

"మ..." అంది.

ఆగిపోయింది. పాటలో రాని తడబాటు వచనంలో మళ్ళీ వచ్చి నిలబడింది. తల్లి కూర్చున్నచోటే నిక్కి చూసింది. ఈసారి నా చెయ్యి జారలేదు. మెల్లగా ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. నేను మాట అందించలేదు, పరవాలేదమ్మా అనలేదు. తాళం పట్టుకుని నిలబడ్డాను, అంతే. పండితుడు కలిశాడు. ముసలావిడ ట్రే మీద వేళ్ళతో అందుకుంది. ఆమె పక్కనున్నావిడా అందుకుంది. ఎంతసేపో తెలీదు. తాళం సాగుతూ ఉంది.

"మడ వేళ్ళ నడుమ పెద్ద చేప దూరదు గురూ!" అంది పిల్ల. "రాలిన ఆకు కుళ్ళి తిండవుతుంది. ఏటి నీళ్ళు కలిసి ఉప్పు తగ్గుతుంది. పసిదానికి ఉయ్యాలా, తిండీ, నీడా ఒక్కచోటే. అందుకొచ్చింది!"

తందాన తాన అన్నాం. షెడ్డంతా అంది. ఆ తర్వాత కూడా ఆమె రెండు మూడుచోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా ఆడవాళ్ళే తాళం పట్టారు. రొయ్య పెద్దదై, పాటు నీటితో కలిసి సముద్రానికి వెళ్ళిపోయేదాకా కథ సాగింది. చివరిదాకా చెప్పింది.

వాళ్ళమ్మ చేతులు కడుక్కుని నా దగ్గరకొచ్చింది. "సోమారం బడికి పంపుతానండి. ఇంకోసారి మాత్రం మజ్జిలో ఆపితే ఊరుకోను."

"దాని తప్పేం లేదమ్మా, నత్తి అన్నాక..."

"దాన్ని కాదండి. మిమ్మల్ని."

పండితుడు పగలబడి నవ్వాడు, చాలాకాలం ఆ మాటతోనే నన్ను ఆటపట్టించాడు.

ఆ పిల్ల పదో తరగతి పాసైంది. తర్వాత ఇంకా చదివింది. ఇప్పుడు సముద్రం దగ్గర మడ మొక్కలు పెంచే నర్సరీలో పనిచేస్తోంది. చూడ్డానికి వచ్చే బడిపిల్లలకు ఆ రొయ్య కథ చెబుతుంది. తంబురా పండితుడు ఆమెకే ఇచ్చేశాడు. నత్తి పోలేదు. పోవాలని ఆమె ఎదురుచూస్తున్నట్టూ లేదు.

కొత్త మాస్టర్లకు చెప్పని సగం ఇదే. పాట కట్టడం కష్టమేం కాదు, మీకు పండితుడు దొరక్కపోతే మీరే కట్టుకోవచ్చు. నేను మాత్రం ఆ బడిలో రెండేళ్ళు ఒక పిల్లను దాటేసి వెళ్ళాను. తీరా ఆమె నా కోసం ఆగిన రోజున తలగుడ్డ తీసేసుకున్నాను. షెడ్డు రోజు వల్ల ఆ రోజు చెరిగిపోదు. ఆ నవ్విన పిల్లలు, ఆ మెడ నరాలు ఇప్పటికీ కళ్ళముందు ఉంటాయి.

అప్పుడప్పుడు ఆ పిల్ల ఫోన్ చేస్తుంది. "మాస్టారూ" అంటుంది. ఆ తర్వాత మాట ఎక్కడో చిక్కుకుంటుంది. మా ఆవిడ అటుగా వెళ్తూ, "ఏంటండీ, ఫోన్ కట్టయిందా?" అంటుంది. లేదని చెయ్యి ఊపుతాను. రెండో చేతి వేలితో ఫోను వెనక మెల్లగా దెబ్బ వేస్తుంటాను. అవతలికి వినపడుతుందో లేదో తెలీదు. కాసేపటికి మాట వస్తుంది.